హాట్ టబ్ పెట్టుకున్నాం: అసలు పనంతా నీళ్లదే

హాట్ టబ్, అంటే కూర్చుని సేదతీరే వేడినీళ్ల తొట్టి, కొనాలనుకునేవాళ్లు నీళ్లు చిమ్మే జెట్లు ఎన్ని, సీట్లు ఎలా ఉన్నాయి, లైట్లు ఏ రంగు అని చూస్తారు. నన్నడిగితే ముందు ఆలోచించాల్సింది నీళ్ల గురించి. స్విమ్మింగ్ పూల్‌లో ఒక్కో మనిషి వాటాకు వేల లీటర్ల నీళ్లు వస్తాయి. మా టబ్‌లో పట్టేవే 1,200 లీటర్లు. నలుగురు దిగితే తలా 300. ఆ కాసిని నీళ్లూ ఇంచుమించు ఒంటి వేడిలోనే ఎప్పుడూ ఉంటాయి. చెమట, ఒంటి నూనె, రాసుకున్న క్రీములు, బట్టల్లో మిగిలిన సబ్బు అన్నీ వాటిలోకే దిగుతాయి. పూల్‌లో వారాల్లో వచ్చే మార్పు ఇక్కడ ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. టబ్ పెట్టించి, నింపి, వాడి, ఖాళీ చేసి మళ్లీ నింపుకుంటూ వచ్చిన ఈ కాలంలో నాకు బాగా ఒంటబట్టిన సంగతి ఇదే. కొత్తగా కొనుక్కునేవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేం టబ్ తీసుకున్నది నాన్న కోసం. ఆయన మోకాళ్లు అరిగాయి. వేడినీళ్లు అరిగిన కీలును తిరిగి తీసుకురాలేవు, ఆ భ్రమ మాకెవరికీ లేదు. కానీ నీళ్లలో కూర్చుంటే ఒంటి బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి, వేడికి కండరాలు వదులవుతాయి, ఆ రాత్రి ఆయన నిద్రపోగలుగుతారు. ఇళ్లలో వాడే జెట్ పంపు పుట్టిందే కీళ్ల నొప్పి కోసం. ఇటలీ నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ జకూజీ అన్నదమ్ములు నీటి పంపులు తయారుచేసేవాళ్లు. వాళ్లలో కాండిడో కొడుక్కి చిన్నతనంలోనే రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది. ఆసుపత్రిలో చేయించే నీటి చికిత్స ఇంట్లోనే అందాలని, స్నానాల తొట్టిలో దించుకునే పంపును వాళ్లు తయారుచేశారు. 1956లో అది బజారులోకి వచ్చింది. పంపూ తొట్టీ కలిసిపోయిన మోడల్ 1968లో వచ్చింది. ఈ కథ తెలిశాక టబ్‌ను విలాస వస్తువుగా చూడబుద్ధి కాలేదు నాకు.

నాన్న బీపీకి మాత్రలు వేసుకుంటారు కాబట్టి టబ్ బుక్ చేయకముందే డాక్టరుగారిని అడిగాం. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడుతుంది, ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. 38 డిగ్రీలు దాటకుండా, 15 నిమిషాలకు మించకుండా, పక్కన ఒక మనిషి ఉండగా దిగమన్నారు. ఆరోగ్యం బాగున్న పెద్దవాళ్లకైనా 40 డిగ్రీలే గరిష్ఠం. గర్భిణులు ఈ వేడికి దూరంగా ఉండడమే మంచిది. ఐదేళ్ల లోపు పిల్లల్ని అసలు దించకూడదు.

ఇక బరువు. లీటరు నీళ్లు కిలో కాబట్టి 1,200 లీటర్లంటే 1,200 కిలోలు. ఖాళీ టబ్ 300 కిలోలు. నలుగురు మనుషులు మరో 300. అంతా కలిపితే 1,800 కిలోలు, రెండు మీటర్లకు రెండు మీటర్ల చోటులో. అంటే చదరపు మీటరుకు 450 కిలోలు. నివాస గదుల నేలను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కకు కడతారు. అందుకే టబ్‌ను మేడ మీదో బాల్కనీలోనో పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరే అనాల్సిందే. తెచ్చిచ్చేవాళ్లు "ఏం కాదండీ, చాలామంది పెట్టుకున్నారు" అంటారు. వాళ్ల మాట మీద పెట్టకండి. మేం నేల మీదే, ఇనుప చువ్వలు వేసిన 15 సెంటీమీటర్ల మందం కాంక్రీటు దిమ్మె పోయించాం. మేస్త్రీ రసమట్టం పెట్టి నాలుగు మూలలూ చూశాడు. ఒక పక్కకు వాలితే నీటిమట్టం ఒకవైపు తగ్గి ఫిల్టరు దగ్గర గాలి పీలుస్తుంది, టబ్ ఒళ్లు ఒకే మూల మీద బరువు మోస్తూ కాలక్రమంలో పగులుతుంది. దిమ్మె చుట్టూ మనిషి కూర్చుని పనిచేసేంత చోటు కూడా వదిలించాం. పంపు, హీటరు, కంట్రోల్ బోర్డు పక్క పలకల వెనకే ఉంటాయి. అవి తెరవడానికి చోటు లేకపోతే చిన్న రిపేరుకు కూడా టబ్‌ను మొత్తం కదపాల్సి వస్తుంది.

కరెంటు పనిలో నేనేమీ వేలు పెట్టలేదు. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్నప్పుడు లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. మా హీటరు 3 కిలోవాట్లు, పంపు మరో కిలోవాటున్నర. 230 వోల్టుల మీద ఇది దాదాపు 20 ఆంపియర్లు. అందుకని మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగి, 32 ఆంపియర్ల బ్రేకరు, దానితో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టాడు. కరెంటు ఏ దారినైనా ఒంట్లోకి లీకైతే ప్రాణం తీయకముందే లైను కొట్టేసేది ఇదే. "మేడం, నెలకోసారి ఈ టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడలేదంటే టబ్‌లోకి ఎవరూ దిగొద్దు, నాకు ఫోన్ చేయండి" అన్నాడు. టబ్ స్విచ్ గోడ మీద ఎక్కడుండాలనేది కూడా ఆయనే చెప్పాడు. టబ్‌లోంచి కంటికి కనపడాలి, చేతికి అందకూడదు.

కొత్త టబ్ కదా, తుడిచి నింపేస్తే చాలదా అని అందరికీ అనిపిస్తుంది. చాలదు. టబ్‌లను ఫ్యాక్టరీలో నీళ్లు పోసి పరీక్షించి పంపుతారు. ఆ తర్వాత నీళ్లు తీసేసినా పైపుల వంపుల్లో కొంత తడి ఉండిపోతుంది. గోడౌన్‌లోనూ లారీలోనూ గడిచిన కాలమంతా ఆ తడిలో సూక్ష్మజీవులు బంకలాంటి పొర కట్టుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. పొర లోపలున్నవాటికి క్లోరిన్ సరిగా తగలదు. అందుకని మొదటిసారి నింపిన నీళ్లు దిగడానికి కాదు, పైపులు కడగడానికి. పైపులు కడిగే మందు పోసి, జెట్లన్నీ తెరిచి, పంపు ఫుల్ స్పీడులో పెట్టాం. కాసేపటికి తెల్లటి నురగ లేచింది. దాని అంచు వెంట టబ్ గోడకు బూడిద రంగు పొలుసులు అంటుకోవడం మొదలైంది. వేలితో తీసి నలిపితే జిగటగా ఉంది. కొత్త వస్తువులోంచి అది వస్తుంటే మా ఆయన నమ్మలేకపోయారు. ఆ నీళ్లన్నీ పారబోసి, టబ్ తుడిచి, అప్పుడు నింపాం. మొదటి రోజే దిగాలన్న తొందర అందరికీ ఉంటుంది కానీ ఈ ఒక్క పని మాత్రం ఎవరూ వదలొద్దు.

నింపేటప్పుడు గొట్టాన్ని టబ్ మధ్యలో వదలకుండా ఫిల్టరు తీసి ఆ గుంటలో పెట్టాలి. అలా చేస్తే నీళ్లు కిందనుంచి పైపుల్లోకి ఎక్కుతూ గాలిని ముందుకు తోస్తాయి. అంత జాగ్రత్తగా నింపినా మా పంపులో గాలి చిక్కుకుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, జెట్లలో నీళ్లు లేవు, తెర మీద ప్రవాహం లేదన్న హెచ్చరిక. కరెంటు ఆపేసి, పంపు దగ్గరున్న పెద్ద ప్లాస్టిక్ నట్టును కొద్దిగా వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీటిచుక్కలు చిమ్మాయి. వెంటనే బిగించి మళ్లీ ఆన్ చేస్తే సరిపోయింది. ఈ హెచ్చరిక చూసి హీటరు పోయిందని కంగారుపడేవాళ్లు చాలామంది ఉంటారు. కొత్తగా నింపినప్పుడు వస్తే ముందు గాలినే అనుమానించాలి.

వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. 1,200 లీటర్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 1.4 యూనిట్ల కరెంటు కావాలి. 20 డిగ్రీల నీళ్లు 38కి రావాలంటే 25 యూనిట్లు. 3 కిలోవాట్ల హీటరుకు ఎనిమిది గంటల పైనే పడుతుంది, మధ్యలో గాలికి పోయే వేడి అదనం. కాబట్టి అరగంట ముందు స్విచ్ వేసి దిగడానికి ఇది గీజరు కాదు. ఎప్పుడూ వేడిగా ఉంచుకుంటూ, పోయినంత వేడిని హీటరు పూడ్చుకునేలా వదిలేయడమే దీని పద్ధతి.

పోయే వేడిలో ఎక్కువ భాగం ఆవిరి రూపంలోనే పోతుంది. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే దాంతో పాటు 0.67 యూనిట్ల వేడి పోతుంది, అంటే మా టబ్ మొత్తం దాదాపు అర డిగ్రీ చల్లారడానికి సరిపడా. అందుకే కవరు విషయంలో నేను చాలా పట్టుగా ఉంటాను. లోపల మందపాటి ఫోమ్ ఉన్న గట్టి కవరు, దాని కింద నీటి మీద తేలే పలచటి షీటు వాడుతున్నాం. కవరుకు తాళాలుంటాయి. పిల్లలున్న ఇంట్లో అవి వేయకుండా రాత్రి పడుకోకూడదు.

ఇప్పుడు నీళ్ల సంగతి.

పరీక్షకు రంగు పట్టీలు దొరుకుతాయి. రోజూ ఒకసారి ముంచి చూడటానికి బాగానే ఉంటాయి, కానీ మందు కొలిచి వేయాలంటే వాటి మీద ఆధారపడలేం. నేను చుక్కల కిట్ వాడతాను. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల టబ్ నీళ్లు తీసుకుని పొడి వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. తర్వాత ఇంకో సీసాలోంచి ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. రంగు పలచబడుతూ వచ్చి ఒక చుక్కకు పూర్తిగా విరిగిపోతుంది. ఒక్కో చుక్కకు 0.5 పీపీఎం లెక్క (పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం). ఎనిమిదో చుక్కకు విరిగిందంటే 4 పీపీఎం ఉన్నట్టు. ఈ పని ఇప్పుడు నాన్నదే. కుర్చీలో కూర్చుని గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని పైకే లెక్కపెడతారు. "ఎనిమిదమ్మా. రాసుకో" అంటారు. నేను పుస్తకంలో రాస్తాను. రంగు పోల్చి చూసే మామూలు కిట్లలో ఒక ప్రమాదముంది. క్లోరిన్ మరీ ఎక్కువైనా అది రంగునే చెరిపేస్తుంది, నీళ్లు తెల్లగా కనిపిస్తాయి, క్లోరిన్ లేదనుకుని ఇంకా వేస్తారు. అనుమానం వస్తే టబ్ నీళ్లలో మామూలు నీళ్లు సగం కలిపి మళ్లీ పరీక్షించాలి.

క్లోరిన్ వాడే హాట్ టబ్‌లో అది ఎప్పుడూ కనీసం 3 పీపీఎం ఉండాలని, బ్రోమిన్ వాడితే 4 నుంచి 8 ఉండాలని, నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య నిలవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పీహెచ్‌కూ క్లోరిన్‌కూ ఉన్న బంధం అర్థమైతే మిగతాదంతా సులువవుతుంది. నీళ్లలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. క్రిముల్ని చంపేది అందులో ఒకటే, హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే పావు వంతే మిగులుతుంది. కిట్ మాత్రం రెండు రూపాల్నీ కలిపే చూపిస్తుంది. పుస్తకంలో అంకె బాగుంటుంది, నీళ్లలో మందు పనిచేయదు.

ఇక్కడే ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల గుణం, వస్తుంది. మా కుళాయి నీళ్లలో అది 160 పీపీఎం దాకా ఉంది. టబ్ నింపి పీహెచ్ 7.4కి తెచ్చి, ఒక సాయంత్రం జెట్లు వాడితే మర్నాటికి 7.9 చూపించేది. మళ్లీ దించితే మళ్లీ ఎక్కేది. మందు నకిలీదేమోనని మా ఆయన అనుమానం. మందులో తప్పేం లేదు. ఆల్కలినిటీ ఎక్కువున్న నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది. జెట్లు గాలి కలిపి చిలికినప్పుడు, సోడా సీసా ఊపి మూత తీసినట్టు, ఆ వాయువు బయటికి పోతుంది. అది పోయినకొద్దీ పీహెచ్ ఎక్కుతుంది. అంటే పీహెచ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, దాని వెనకున్న ఆల్కలినిటీని దించాలి. సోడియం బైసల్ఫేట్ వేసి పీహెచ్‌ను 7.2 దాకా దించడం, కవరు తీసి జెట్లు తిప్పి మళ్లీ 7.6కి ఎక్కనివ్వడం, మళ్లీ దించడం. ప్రతి విడతకూ ఆల్కలినిటీ కొంత తగ్గుతుంది. మా 1,200 లీటర్లకు 10 పీపీఎం తగ్గాలంటే సుమారు 29 గ్రాములు పడుతుంది. 70 దగ్గరికి వచ్చాక పీహెచ్ వారమంతా పెద్దగా కదలకుండా నిలిచింది. పుస్తకంలో ఆ వారం అంకెలన్నీ ఒకే వరసలో ఉండటం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చాలా టబ్‌ల పుస్తకాలు 80 నుంచి 120 ఉండాలని రాస్తాయి. గాలి జెట్లు బాగా వాడే ఇంట్లో 60, 70 దగ్గరే మేలని నా అభిప్రాయం. మీ నీళ్లలో ఆల్కలినిటీ తక్కువుంటే మాత్రం పని సులువు, వంటసోడా చాలు. 1,000 లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది.

కాల్షియం మా నీళ్లలో 180 ఉంది, దాని జోలికి పోలేదు. 150కీ 250కీ మధ్య ఉంటే చాలు. మరీ ఎక్కువై, పైగా పీహెచ్ కూడా ఎక్కితే హీటరు చుట్టూ తెల్లటి సున్నపు పొర కడుతుంది. పీహెచ్ మరీ తగ్గితే హీటరు లోహాన్నే తినేస్తుంది.

క్లోరిన్‌కు మొదట డైక్లోర్ పొడి వాడాం. ఇది త్వరగా కరుగుతుంది, టబ్ ఒంటికి హాని చేయదు. 5 పీపీఎం రావాలంటే మా టబ్‌కు 11 గ్రాములు. పూల్‌లో వేసే ట్రైక్లోర్ బిళ్లలు హాట్ టబ్‌కు పనికిరావు. అవి బాగా ఆమ్లం, నెమ్మదిగా కరుగుతూ పడ్డచోట టబ్ లోపలి అక్రిలిక్ పొరను పాడుచేస్తాయి. డైక్లోర్‌కూ ఒక ఇబ్బంది ఉంది. అది ఇచ్చే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 9 పీపీఎం సయనూరిక్ ఆమ్లం నీళ్లలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ ఇది పోదు, పేరుకుంటూ ఉంటుంది. కొంత ఉంటే మంచిదే, క్లోరిన్ ఘాటును అదుపులో పెడుతుంది. ఎక్కువైతే క్లోరిన్‌ను తన దగ్గరే పట్టి ఉంచి పని చేయనివ్వదు. అందుకని అది 30 దగ్గరికి రాగానే డైక్లోర్ ఆపేసి, వాసనలూ నురగ మందులూ కలపని ద్రవ హైపోక్లోరైట్‌కు మారాను. 10 శాతం ద్రవమైతే మా టబ్‌కు 12 మిల్లీలీటర్లు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది. అప్పటినుంచి నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉంటున్నాయి.

వాసన గురించి ఒక మాట. టబ్ దగ్గరికి వెళ్లగానే క్లోరిన్ వాసన గుప్పుమంటే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. నిజానికి చాలాసార్లు అది తక్కువైందని గుర్తు. చెమటలోని నత్రజని పదార్థాలతో కలిసిన క్లోరిన్ క్లోరమిన్‌లుగా మారుతుంది. కంట్లో మంట, ముక్కులో ఘాటు వాటివల్లే. వాటిని విరగ్గొట్టాలంటే క్లోరిన్ ఇంకా వేయాలి. నేను 10 పీపీఎం దాకా పెంచి, జెట్లు తిప్పి, కవరు తీసి ఉంచుతాను. కవరు వెంటనే మూసేస్తే పైకి లేచిన వాయువు దాని లోపలి పొరను తినేస్తుంది. అంకె మళ్లీ 5 దగ్గరికి దిగేదాకా ఎవరినీ దిగనివ్వను. నాన్న "ఏమ్మా, ఇవాళ లేదా?" అని అడుగుతారు. లేదనే చెబుతాను.

నేనింత పట్టుబట్టడానికి కారణముంది. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా 25 నుంచి 45 డిగ్రీల నీళ్లలో హాయిగా పెరుగుతుంది. హాట్ టబ్ వేడి సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభకు వచ్చినవాళ్లు న్యుమోనియాతో పడిపోవడంతో దీని సంగతి బయటపడింది, పేరూ అక్కడినుంచే వచ్చింది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం 1999 నాటి ఇంకో ఘటన. నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్‌లో పూల ప్రదర్శన జరిగింది. అక్కడ అమ్మకానికి చూపించడం కోసం నీళ్లు నింపి తిప్పుతున్న వర్ల్‌పూల్ టబ్ ఒకటి పెట్టారు. అందులో ఎవరూ స్నానం చేయలేదు. పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లు ఆ తుంపర పీల్చారు, అంతే. 30 మందికి పైగా చనిపోయారు. వయసు మళ్లినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ఈ న్యుమోనియా ముప్పు ఎక్కువ. మా టబ్‌లో కూర్చునేది ముఖ్యంగా నాన్న. తేటగా కనిపిస్తున్నాయి కదా అని పరీక్ష మానేస్తే ఎలా? లీజియోనెల్లా ఉన్న నీళ్లు కూడా తేటగానే ఉంటాయి. దీనంత ప్రమాదం లేకపోయినా సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఉంది. క్లోరిన్ పడిపోయిన టబ్‌లో కూర్చుంటే ఒంటి మీద, ముఖ్యంగా తడిబట్ట అంటుకున్న చోట, దురద పొక్కులు లేస్తాయి. ఓజోన్, యూవీ దీపం ఉన్న టబ్‌లకు క్లోరిన్ అక్కర్లేదని అమ్మేవాళ్లు చెప్పడం విన్నాను. అవి తమ గుండా పోయే నీళ్లనే శుభ్రం చేస్తాయి. సీట్లో, గోడ మీద, పైపు వంపులో ఉన్నదాన్ని చంపాలంటే నీళ్లలో మందు మిగిలి ఉండాలి.

ఒకసారి బంధువుల పిల్లలు వచ్చారు. ఆ సాయంత్రం జెట్లు వేయగానే టబ్ నిండా నురగ పొంగింది. పిల్లలకు ఒకటే సంబరం. అది బట్టల్లో మిగిలిన డిటర్జెంటు, జుట్టుకు రాసిన కండిషనరు. నురగ అణిచే మందు ఒక చుక్క వేస్తే అణుగుతుంది, కానీ కారణం నీళ్లలోనే ఉండిపోతుంది. అప్పటినుంచి ఇంట్లో ఒక నియమం పెట్టాం. సబ్బు లేకుండా ఒళ్లు కడుక్కుని రావాలి, టబ్ బట్టల్ని డిటర్జెంటుతో ఉతక్కూడదు, వట్టి నీళ్లలో జాడించి ఆరేయాలి. క్లోరిన్ వాడకం ఎంత తగ్గిందో పుస్తకంలో తిరగేసి చూస్తే తెలిసింది. అమ్మాయిలు జుట్టు ముడి వేసుకోవాలన్నది ఇంకో నియమం. నీళ్లు పీల్చే రంధ్రాల మీది జాలీ పగిలినా ఊడినా ఆ టబ్‌ను ఆ క్షణమే ఆపేయాలి. అమెరికాలో 2002లో ఏడేళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్ లాగిన బలానికి నీటి అడుగునే చిక్కుకుని చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో డ్రెయిన్ మూతల భద్రత చట్టం వచ్చింది. నేను వారం వారం ఫిల్టరు కడిగేటప్పుడు ఆ జాలీలను కూడా వేళ్లతో తడిమి చూస్తాను.

ఫిల్టరును గొట్టంతో, మడతల మధ్యకు నీళ్లు పోయేలా పైనుంచి కిందికి కడగాలి. ప్రెషర్ వాషరు వాడితే గుడ్డ పోగులు చిరుగుతాయి. నెలకోసారి ఫిల్టరు మందులో రాత్రంతా నానబెడతాను. నూనె జిడ్డు నీళ్లకు పోదు. రెండు ఫిల్టర్లుంటే ఒకటి నానుతూ ఆరుతూ ఉండగా రెండోది టబ్‌లో పనిచేస్తుంది.

మందుల విషయంలో మా ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు. ఒకదాని డబ్బాలోని చెంచా ఇంకోదాంట్లో పెట్టకూడదు. ఆమ్లమూ క్లోరినూ కలిస్తే విషవాయువు వస్తుంది. రెండు రకాల క్లోరిన్ పొడులు కలిస్తే నిప్పంటుకోవచ్చు. ఎప్పుడూ నీళ్లలో మందు వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. ఒకటి వేసి, పంపు తిప్పి, అది కలిశాకే రెండోది.

నీళ్లు ఎప్పుడు మార్చాలన్నదానికి ఒక పాత లెక్క ఉంది. టబ్ లీటర్లను 11తో భాగించి, రోజుకు సగటున దిగే మనుషుల సంఖ్యతో మళ్లీ భాగిస్తే వచ్చేవి రోజులు. మా టబ్‌లో రోజుకు ఇద్దరు దిగితే 55 రోజుల దగ్గర తేలుతుంది. నేను ఆ అంకెతో పాటు ఇంకొకటి కూడా చూస్తాను. ఎవరూ దిగని రాత్రి క్లోరిన్ 5 ఉంచి మూసేస్తే మర్నాడు పొద్దునకు 4 దగ్గర నిలవాలి. 2కి పడిపోతోందంటే నీళ్లలో క్లోరిన్‌ను తినేదేదో పేరుకుందని అర్థం. క్లోరిన్‌ను 10 దాకా పెంచి చూసినా మళ్లీ అంతే పడితే ఖాళీ చేస్తాను, లెక్క ప్రకారం రోజులు మిగిలున్నా సరే.

ఖాళీ చేసే ముందు రోజు మళ్లీ పైపులు కడిగే మందు పోస్తాం. కొత్తలో వచ్చినంత కాకపోయినా పొలుసులు ఇప్పటికీ కొన్ని వస్తాయి. తర్వాత కరెంటు ఆపి నీళ్లు వదులుతాం. పైపులు కడిగిన ఈ నీళ్లు మొక్కలకు పోయం, మురుగు కాలువలోకే పంపుతాం. ఖాళీ టబ్‌ను ఎండకు వదిలేస్తే అక్రిలిక్ ఉబ్బుతుంది కాబట్టి ఈ పని పొద్దు వాలాకే పెట్టుకుంటాం. గడ్డకట్టే చలి ఉండేచోట దీనికి వ్యతిరేకంగా, పైపుల్లో మిగిలిన నీళ్లు గడ్డకట్టి పగలగొట్టకుండా వెంటనే నింపేయాలి. ఒళ్లు మెత్తటి గుడ్డతో తుడవడం, ఫిల్టరు మూత కింది రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాయడం, కవరును రెండు చేతులతో ఎత్తి బరువు చూడటం కూడా అప్పుడే. ఫోమ్‌లోకి ఆవిరి చేరితే కవరు బరువెక్కుతుంది. బరువెక్కిన కవరు వేడిని ఆపలేదు, ఎండబెట్టినా మళ్లీ మునుపటిలా కాదు, మార్చాల్సిందే.

మళ్లీ నింపేటప్పుడు మాత్రం పుస్తకం పక్కన పెట్టుకుంటాను. కుళాయి నీళ్ల ఆల్కలినిటీ ఎంతో, ఎన్ని గ్రాములకు ఎంత దిగుతుందో, మొదటి క్లోరిన్ ఎంత వేయాలో అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా సరే ఏదీ గుడ్డిగా వేయను. కుళాయి నీళ్లు కాలాన్ని బట్టి మారతాయి. మొన్న నింపినప్పుడు ఆల్కలినిటీ 160 బదులు 120 చూపించింది, బైసల్ఫేట్ ఆ మేరకు తగ్గించి వేశాను. నాన్న గొట్టం ఎత్తి చుక్కలు లెక్కపెట్టి, పీహెచ్ 7.4, క్లోరిన్ 4 అని చెప్పాకే కవరు పూర్తిగా తీశాం.